కవరు సరంగు, అరగని జింకు

మా అక్క మొగుణ్ణి రేవులో అందరూ కవరు సరంగు అంటారు. లాంచీ నడిపేవాణ్ణి సరంగు అంటారు కాబట్టి ఆ రెండో మాట పనిని బట్టి వచ్చింది. మొదటి మాట మాత్రం ఆయన స్వయంగా సంపాదించుకున్నది. ఇంట్లో కనిపించిన ప్రతి వస్తువుకూ ప్లాస్టిక్ కవరు తొడిగాడు. సోఫాకు కవరు. టీవీ రిమోటుకు కవరు. ఆ రిమోటు పెట్టే అట్టపెట్టెకు ఇంకో కవరు. వేసవిలో ఆ సోఫా మీద కూర్చుని లేస్తే కవరు కూడా మనతో పాటు సగం దూరం లేచి వచ్చేది. గోడకు గడియారం ఉండేది గానీ దానికి బ్యాటరీ ఉండేది కాదు. ముళ్లు తిరిగితే లోపలి చక్రాలు అరిగిపోతాయట. టైము కావలిస్తే మా బావ కిటికీలోంచి పక్కింటివాళ్ల గడియారం చూసి చెప్పేవాడు. అది అరిగితే ఆయనకేం పోయింది?

ఒకసారి జోరువానలో తడిసి ముద్దై ఇంటికొచ్చాడు. చొక్కా లోపల పొడుగ్గా ఏదో దాచుకున్నాడు. తీస్తే గొడుగు. కొత్తది, మడత కూడా విప్పలేదు. తడిసిపోతుందని దాచానన్నాడు. నేను నవ్వలేదు. నవ్వితే ఆయన జోకేశాడని ఎవరైనా అనుకునే ప్రమాదం ఉంది. ఆయన జోకు వెయ్యలేదు.

ఇదంతా విని మీరు ఆయన్ని పిసినారి అనుకుంటే పొరపాటు. పిసినారి కొనడు. మా బావ కొంటాడు, అది కూడా నాలుగు దుకాణాలు తిరిగి మంచి రకం ఏరి మరీ కొంటాడు. కొన్న తర్వాత దాన్ని పనిలోకి దించడానికే ఆయనకు ప్రాణం ఒప్పదు. ఇంటికి ఎవరైనా రావడమే తరువాయి, బీరువా తలుపులు బార్లా తీసి చూపించేవాడు. గాజు గిన్నెల సెట్టు, దుప్పట్లు, పిన్నులతో సహా మడత చెదరని తెల్ల చొక్కాలు. ఒక్కొక్కటీ బయటికి తీసి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి, చివరికి ఆ మాట అనేవాడు. "కొని ఎన్నాళ్లయిందనుకున్నారు? ఒక్కసారి కూడా వాడలేదు." ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూడాలి. చదువులో ఫస్టు వచ్చిన కొడుకు గురించి చెప్పుకునేవాళ్లకు కూడా అంత వెలుగు రాదు.

వాడకుండా ఉంచలేకపోయింది ఆయన జీవితంలో ఒక్క మా అక్కనే.

లాంచీ మా నాన్నది. సముద్రం పోటు వచ్చినప్పుడల్లా నది నీళ్లు ఉప్పగా మారే చోట, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు మనుషుల్నీ సైకిళ్లనూ కూరగాయల గంపలనూ మేకలనూ దాటించే ఇనుప లాంచీ. నాన్న పోయేముందు దాన్ని మా అక్కచెల్లెళ్లిద్దరి పేరా పెట్టాడు. చిన్నప్పటి నుంచీ చక్రం పట్టడం అక్కకు నేర్పాడు. నాకు తాళ్లు విసరడం, టిక్కెట్లు చింపడం నేర్పాడు. కింద ఇంజను చూసే ముసలాయన నాన్న కన్నా పాతవాడు. అక్క పెళ్లయ్యేనాటికి లాంచీ నడిపేది అక్కే. ఎదురు ప్రవాహంలో కూడా గట్టుకు తట్టకుండా ఆనించేది. మా బావ ఇల్లరికం వచ్చాడు, ఒక పెట్టెతో. ఆ పెట్టెకు కూడా కవరు ఉంది.

కొన్నాళ్లకు ఇంజను ముసలాయన పని మానేశాడు. కిందికి ఎవరో ఒకరు దిగాలి. దిగడం అంటే నిచ్చెన మీదుగా నీటిమట్టానికి కిందికి, నిలబడితే తల తగిలే ఇనుప గదిలోకి, డీజిలు పొగలోకి, పక్కన పిడుగు పడ్డా తెలియనంత చప్పుడులోకి దిగడం. బావ తన చొక్కా వైపు చూసుకున్నాడు. తెల్లది, ఇస్త్రీ చేసింది. నూనె మరక పడితే పోదు కదా అన్నాడు. అక్క ఎప్పుడూ అనే మాటే అంది. "పోనీలే, నేను దిగుతాను." ఆ పోనీలే అన్న మాట మా అక్క నోట్లోంచి తీసి నదిలో పారేయాలని నాకు ఎన్నిసార్లు అనిపించిందో లెక్కలేదు. అలా చక్రం పట్టాల్సిన మనిషి కిందికీ, గట్టుకు ఆనించడం చేతకాని మనిషి పైకీ వెళ్లారు.

పైనున్న సరంగుకూ కింద ఇంజను దగ్గర ఉన్నవాళ్లకూ మధ్య మాటలుండవు. ఒక గంట ఉంటుంది. సరంగు పైనుంచి తాడు లాగితే కింద గంట మోగుతుంది. ఒకసారి మోగితే ముందుకు, రెండుసార్లు మోగితే ఆపు, మూడుసార్లు మోగితే వెనక్కి. ఇంతే వాళ్ల సంసారం. పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా బావ అక్కతో గంటలు మోగించే మాట్లాడేవాడు.

కొన్ని సంవత్సరాలకు అక్కకు గంట సరిగా వినిపించడం మానేసింది. ముందు ఇంట్లో తెలిసింది. ఎడమ పక్కనుంచి పిలిస్తే పలికేది కాదు. డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆవిడ పరీక్ష చేసి, ఎడమ చెవి పోయింది, ఇక రాదు, కుడి చెవి ఇంకా ఉంది, అదైనా మిగలాలంటే ఆ ఇంజను గది మానెయ్యాలి, లేదంటే చప్పుడు ఆపే చెవి డిప్పలు పెట్టుకునే కిందికి దిగాలి అని తేల్చి చెప్పింది. అక్క బుద్ధిగా తలూపింది. కుడి చెవి నాకు చాలు అంది బయటికి వచ్చాక. ఆ ఒక్క చెవి నిలబడాలనే నేను ఆ రోజు నుంచీ కొట్టుకున్నాను.

చెవి డిప్పలు బావ కొన్నాడు. ఆ మాట ఒప్పుకోవాలి. నాలుగు దుకాణాలు తిరిగి మంచి రకమే కొన్నాడు, మెత్తటి దిండ్లున్నవి, పారదర్శకంగా మెరిసే ప్యాకెట్టులో. తెచ్చి చక్రం పక్కన మేకుకు తగిలించాడు. అక్కడే ఉన్నాయి. వారం గడిచింది, నెల గడిచింది, అవి ఆ మేకుకే ఉన్నాయి. ఎందుకు ఇవ్వలేదని అడిగితే, కిందంతా జిడ్డు, ఒక్కరోజులో పాడైపోతాయి అన్నాడు. పైగా అవి పెట్టుకుంటే గంట వినపడదు కదా, ప్రయాణికుల ప్రాణాలు ఏం కావాలి అన్నాడు. ప్రయాణికుల ప్రాణాల మీద ఆయనకు అంత ప్రేమ ఉందని నాకు అప్పుడే తెలిసింది. నేను ప్యాకెట్టు లాక్కోబోతే అక్కే అడ్డం వచ్చింది. "పోనీలేవే, ఆయన ముచ్చటపడి కొన్నారు."

గంట వినపడకపోతే ఏం చెయ్యాలో అక్కే కనిపెట్టింది. గంట తాడు కొసను తన మణికట్టుకు కట్టుకుంది. పైన లాగితే కింద చెయ్యి గుంజేది. ఒక గుంజుకు ముందుకు, రెండు గుంజులకు ఆపు. ప్రయాణికులు నిచ్చెన దిగే కన్నంలోంచి తొంగి చూసి, ఎంత ఓర్పు, ఎంత ఓర్పు అని మెచ్చుకునేవాళ్లు. మెచ్చుకోవడానికి టిక్కెట్టు అక్కర్లేదు కదా. మణికట్టుకు తాడు కట్టి మేకను లాగినట్టు లాగుతుంటే అందులో ఓర్పు కనిపించినవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఇక జింకు సంగతి.

ఉప్పునీళ్లలో నానే ఇనుమును తుప్పు తినకుండా వదలదు. అందులోనూ లాంచీ వెనక ఇత్తడి ప్రొపెల్లరు ఉంటుంది. ఇత్తడీ ఇనుమూ ఒకే ఉప్పునీళ్లలో పక్కపక్కన ఉంటే ఇనుము ఇంకా తొందరగా కరిగిపోతుంది. అందుకని లాంచీ అడుగున, ప్రొపెల్లరు చుట్టుపక్కల, ఇటుకలంత జింకు దిమ్మల్ని ఇనుముకు ఆనించి బిగిస్తారు. జింకు ఇనుము కన్నా తొందరగా కరిగే రకం. తుప్పు ముందు దాని మీద పడుతుంది, అది ఉన్నంతసేపూ ఇనుము జోలికి రాదు. నాన్న వాటిని తుప్పుకు మేత అనేవాడు. తుప్పుకు ఆకలెక్కువ, ఏదో ఒకటి తినక మానదు, లాంచీని తినకూడదంటే దాని ముందు వేరేదేదో పడెయ్యాలి అని మా ఇద్దరికీ చెప్పేవాడు. ఏడాదికోసారి లాంచీని ఒడ్డుకు లాగినప్పుడు దిమ్మలు సగం సబ్బుబిళ్లల్లా అరిగి, గుంటలు పడి, చేత్తో రుద్దితే తెల్లటి పొడి రాలేవి. నాన్న వాటిని చూసి సంతోషించేవాడు. పాతవి తీసేసి కొత్తవి బిగించేవాడు.

మా బావకు ఆ దృశ్యం చూస్తే కడుపు తరుక్కుపోయేది. కొత్తగా, నున్నగా, అంచులు వాడిగా, కంపెనీ ముద్రతో బిగించిన దిమ్మ ఏడాది తిరిగేసరికి అలా చీకి వదిలేసినట్టు అయిపోవడం ఆయన తట్టుకోలేకపోయేవాడు. పాత దిమ్మల్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి నిట్టూర్చేవాడు. ఎవరైనా పోయినప్పుడు కూడా ఆయన అంత నిట్టూర్చగా నేను చూడలేదు. అమ్మినవాడు నాసిరకం ఇచ్చాడని ఒక ఏడు, రేవులోని వెల్డరు సరిగా బిగించలేదని ఇంకో ఏడు తగువుపెట్టుకున్నాడు. చివరికి ఒక ఏడు ఆయనకు జ్ఞానోదయమైంది. ఇనుముకు రంగు వేస్తున్నాం కదా, మరి జింకుకు ఎందుకు వెయ్యం? లాంచీని కాపాడేదాన్ని మనం కాపాడుకోవద్దా?

అక్క చెప్పింది. చెప్పలేదని ఎవరూ అనడానికి లేదు, నేను పక్కనే ఉన్నాను. నాన్న ఎప్పుడూ వాటికి రంగు వెయ్యలేదు, నీళ్లు తగిలితేనే అవి పని చేస్తాయి అంది. బావ నవ్వాడు. మీ నాన్నకు రంగు కొనే స్తోమత ఎక్కడిది అన్నాడు. అంతే, అక్క మళ్లీ పోనీలే అంది. బావ మంచి నీలం రంగు తెచ్చాడు, ఓడలకు వేసే రకం, డబ్బా మీద ఓడ బొమ్మ కూడా ఉంది. దిమ్మలకు రెండు పూతలు పూశాడు. ఆరాక మూడోది కూడా పూశాడు. చొక్కా మీద చుక్క పడకుండా ఆ పని ఎంత శ్రద్ధగా చేశాడంటే, అంత శ్రద్ధలో పదో వంతు గట్టుకు ఆనించడంలో పెట్టుంటే నా తాళ్లు అన్నిసార్లు తెగేవి కావు.

ఆ వెల్డరు ఇదంతా చూస్తూనే ఉన్నాడు. బీడీ కాల్చుకుంటూ, పూత సమంగా వచ్చిందని మెచ్చుకున్నాడు కూడా.

ఏడాది తిరిగింది. లాంచీని ఒడ్డుకు లాగారు. అడుగున పట్టిన గుల్లలు గీకగానే దిమ్మలు బయటపడ్డాయి. నీలంగా, నున్నగా, నిరుడు బిగించినవి బిగించినట్టే. అంచులు కూడా మొద్దుబారలేదు. మా బావ ఆనందం నేను మాటల్లో చెప్పలేను, చెప్పాలని కూడా లేదు. రేవులో ఉన్న మిగతా లాంచీలవాళ్లను పిలుచుకొచ్చి చూపించాడు. దిమ్మ పక్కన నిలబడి, దాని మీద చెయ్యి వేసి ఫోటో తీయించుకున్నాడు. టీ కొట్టు దగ్గర ఆ ఏడంతా అదే ఉపన్యాసం. మనిషికి శ్రద్ధ ఉండాలి గానీ ఏ వస్తువైనా నూరేళ్లు మన్నుతుంది అని. వినేవాళ్లు నోరెళ్లబెట్టి విన్నారు. అంతటితో ఊరుకోలేదు, ఒక్కొక్కరూ ఒక్కో డబ్బా నీలం రంగు కొన్నారు. ఆ ఏడు మా రేవులో రంగు పూయని జింకు దిమ్మ లేదు. తెలివితక్కువతనం తుప్పు కన్నా తొందరగా పాకుతుందని నేను కళ్లారా చూశాను.

దిమ్మల చుట్టూ ఉన్న ఇనుము సంగతి ఎవరూ పట్టించుకోలేదు. రేకు మీద అమ్మవారు పోసిన మొహం లాగా చిన్న చిన్న గుంటలు పడ్డాయి. అక్క వాటిని వేలితో తడిమి చూసింది. బావను పిలిచి చూపించింది. బావ పుట్టీ తెప్పించి గుంటలు పూడ్పించి పైన రంగు వేయించాడు. చూడటానికి బ్రహ్మాండంగా ఉంది.

మరుసటి ఏడు ఒడ్డుకు లాగే సమయం ఇంకా రాలేదు. మిట్టమధ్యాహ్నం, లాంచీ నిండా జనం. నది మధ్యలో ఉన్నాం. నేను టిక్కెట్లు చింపుతున్నాను. ఇంజను గదిలో కొసన, పలకల కింద, రేకు చిల్లుపడి నీళ్లు లోపలికి వస్తున్నాయి. చెవులు సరిగా ఉన్న మనిషి కింద ఉంటే ఆ బుడబుడ శబ్దం ఇంజను మోతలో కూడా తేడాగా వినిపించేది. అక్కకు వినిపించలేదు. నీళ్లు పలకల మీదికి వచ్చి కాలికి తగిలాక తెలిసింది.

అక్క నిచ్చెన సగం ఎక్కి తల బయటికి పెట్టింది. తాడు మణికట్టుకు ఉంది. పాదాల దాకా తడిసింది. కేక పెట్టలేదు. బావ కళ్లలోకి చూసి చెప్పింది. "చిల్లు పడింది. గుడ్డ కావాలి. మీ చొక్కా విప్పి ఇవ్వండి."

బావ చెయ్యి మొదటి గుండీ మీదికి వెళ్లింది. అక్కడే ఆగింది. ఆ చెయ్యి అక్కడ ఆగడం నేను చూశాను, చక్రం పక్కన నిలబడ్డ సగం మంది చూశారు.

"ఇంట్లో పాతది ఉందేమో," అన్నాడు.

నది మధ్యలో అన్నాడు ఆ మాట. నాకు ఆయన్ని నీళ్లలోకి తోసేయాలనిపించింది, కానీ ఆ తెల్ల చొక్కా తడిస్తే దిగులు పెట్టుకుంటాడని ఊరుకున్నాను. నా పక్కన ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. అవతలి ఒడ్డు బజారులో కొన్న కొత్త ఉన్ని దుప్పటి ఒళ్లో పెట్టుకుంది, దుకాణం మడత అలాగే ఉంది. ఆవిడ ఆ దుప్పటి మడత విప్పి అక్క చేతిలో పెట్టింది. నేను టిక్కెట్ల కట్ట జనం మీద పడేసి అక్క వెనకే కిందికి దిగాను.

చిల్లులో దుప్పటి కుక్కాం. దాని మీద పలక పెట్టి నేను రెండు కాళ్లతో తొక్కి పట్టుకున్నాను. అక్క ఇంజను దగ్గరికి వెళ్లింది. అప్పుడు మొదలుపెట్టాడు పైనున్న మహానుభావుడు. ఒక గుంజు, రెండు గుంజులు, మూడు గుంజులు, మళ్లీ ఒకటి. ముందుకు, ఆపు, వెనక్కి, ముందుకు. అక్క చెయ్యి గాలిపటం దారం లాగా ఎగిరెగిరి పడుతోంది. ఆమె రెండో చేత్తో మణికట్టు మీది ముడి విప్పి తాడును పక్కన పడేసింది. ఇంజనును చివరిదాకా రేపింది. లాంచీ నేరుగా వెళ్లి ఈ ఒడ్డు బురదలో ముక్కు గుచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. మేకలు దూకి వెళ్లిపోయాయి, మనుషులు మేకల వెనక వెళ్లిపోయారు. ముసలమ్మ దుప్పటి మాత్రం అక్కడే ఉండిపోయింది. తర్వాత మా ఇంటి బీరువాలోంచి ఒక కొత్తది తీసి నేనే ఆవిడ ఇంట్లో ఇచ్చి వచ్చాను. ఎవర్నీ అడగలేదు.

మర్నాడు లాంచీని ఒడ్డుకు లాగారు. రేవు రేవంతా వచ్చింది. అడుగు కింద అందరం వంగి చూశాం. జింకు దిమ్మలు నీలంగా నిగనిగలాడుతున్నాయి. కంపెనీ ముద్ర అక్షరాలు కూడా చదువుకోవచ్చు. వాటి చుట్టూ రేకు చిల్లుల గరిటెలా ఉంది. వెల్డరు సుత్తితో తట్టి చూశాడు. రెండోసారి తట్టేసరికి సుత్తి లోపలికి పోయింది.

బావ జేబులోంచి రుమాలు తీశాడు. వంగి, దిమ్మ మీద బురద తుడిచాడు. తుడిచి, మాతో అన్నాడు. "వీటికి మాత్రం ఏమీ కాలేదు, చూశారా?"

అక్క ఆయన పెదాల వైపు చూసి ఆ మాట తెలుసుకుంది. ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే అంది. "వాటికేమవుతుంది? మీరు వాటిని పని చెయ్యనివ్వలేదు. అవి చెయ్యాల్సింది లాంచీ చేసింది."

పోనీలే అంటుందేమోనని నేను ఎదురుచూశాను. అనలేదు.

వెల్డరు అప్పుడు నోరు తెరిచాడు. జింకుకు రంగు వేస్తే ఇలాగే అవుతుందని తనకు ముందే తెలుసట. మరి చెప్పలేదేం అని అడిగాను. నన్నెవరూ అడగలేదు కదా అన్నాడు. రేకు మార్చే పని ఎటూ తనకే వస్తుంది, ఎందుకు చెబుతాడు? ఇక మిగతా లాంచీలవాళ్లు ఒక్కొక్కరూ ఏదో పని గుర్తొచ్చినట్టు జారుకున్నారు. సాయంత్రానికి రేవంతా గరగరమని గీకుడు చప్పుడే. మేమెప్పుడూ రంగు వెయ్యలేదన్నట్టు మొహాలు పెట్టుకుని అందరూ జింకు గీకుతున్నారు. వాళ్లలో పెద్దాయన ఒకడు నా దగ్గరికి వచ్చి, మీ అక్క కూడా ఆ జింకు లాంటి మనిషమ్మా, తను అరిగిపోయి మిమ్మల్ని కాపాడింది అన్నాడు, కళ్లు చెమర్చుకుంటూ. జింకునైనా ఏడాదికోసారి మారుస్తారండీ అన్నాను. ఆయనకు ఆ మాట నచ్చలేదు.

లాంచీ ఒడ్డున ఉన్నప్పుడు అక్కను మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. కుడి చెవి కూడా సగానికి పైగా పోయింది. ఇంజను గదిలోకి ఇక దిగకపోతే ఆ మిగిలిన కాస్తా మిగులుతుంది, దిగితే అదీ ఉండదు అంది ఆవిడ, అక్కకు వినపడేలా గట్టిగా. ఇంటికి వెళ్లి అక్క సోఫా మీద కూర్చోబోయి, ఆగి, ఆ కవరు లాగి చించి బయట పడేసి కూర్చుంది. బావ చూస్తూ నిలబడ్డాడు. సోఫా రంగు ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది.

కొత్త రేకు వేశారు. జింకు దిమ్మలు అక్కే దగ్గరుండి బిగించింది, రంగు చుక్క కూడా తగలకుండా. లాంచీని నీళ్లలోకి దించిన రోజు పొద్దున్నే అక్క పైకెక్కి చక్రం ముందు నిలబడింది. బావ ఎప్పటిలాగే తెల్ల చొక్కాతో వచ్చి, ఆమె పక్కకు జరుగుతుందేమోనని కాసేపు చూశాడు. ఆమె జరగలేదు. కింద మనిషి లేకపోతే లాంచీ కదలదు. అది ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు, ఒడ్డున టిక్కెట్టు కోసం నిలబడ్డ జనానికి కూడా తెలుసు. పాత చొక్కా ఏదైనా ఉందా అని బావ నన్నడిగాడు. నీకు పాతవెక్కడివి బావా అన్నాను. నిజంగానే లేవు. దేన్నీ పాతబడేదాకా వాడలేదు కదా.

ఆయన నిచ్చెన దిగడం మొదలుపెట్టాడు. రెండు చేతులూ చొక్కాకు తగలకుండా దూరంగా పెట్టుకుని, కాలువలోకి దిగుతున్నట్టు దిగాడు. నాకు జాలి కలగలేదు. ఈ రోజు దాకా కలగలేదు. వట్టి చెవులతో ఒక ఏడాది అక్కడ ఉండనిస్తే తెలిసొస్తుందని అప్పుడే అక్కతో అన్నాను కూడా. అక్కకు వినిపించిందో లేదో తెలియదు. ఆమె చక్రం పక్కన మేకుకున్న ప్యాకెట్టు తీసింది. ఇన్నేళ్ల దుమ్మును కొంగుతో తుడిచింది. బావ వెనకే నిచ్చెన దిగి, గంట తాడు కొస పట్టుకుని ఆయన మణికట్టుకు కట్టింది. గట్టిగా కాదు, జారిపోకుండా. కట్టి, ప్యాకెట్టు చేతిలో పెట్టింది.

"తీసుకోండి," అంది. "కొత్తవే. ఒక్కసారి కూడా వాడలేదు."

ఆయన ఆ ప్యాకెట్టును అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత చించాడు. ఆ ప్లాస్టిక్ చిరిగిన చప్పుడు పైన తాడు విప్పుతున్న నాకు కూడా వినిపించింది. పక్కనే ఉన్న అక్కకు వినిపించలేదు. ఆయన డిప్పలు చెవులకు పెట్టుకునేదాకా ఆమె కళ్లతో చూసి, పైకి ఎక్కి వచ్చి, చక్రం పట్టుకుని, తాడు ఒకసారి లాగింది.